చివరి బెంచీలో హులిగెప్ప

ప్రమీలమ్మ బళ్లారి కాలేజీలో లెక్కలు చెప్పడానికి వచ్చి, పందొమ్మిది వందల అరవై రెండు నాటికి రెండేళ్లయింది. అర్ధ సంవత్సరం పరీక్షలో ఆమె క్లాసులో సగానికి పైగా తప్పారు. మార్చిలోనూ ఇంతే అయితే ఆ క్లాసు వేరొకరికి ఇస్తానని ప్రిన్సిపాల్ మర్యాదగానే చెప్పాడు. కేకలేసి ఉంటే కనీసం ఎదురు చెప్పేది. తప్పెక్కడ జరుగుతోందో ఆమెకు తెలియదు, చెప్పే దిక్కూ లేదు.

స్టాఫ్ రూములో పదకొండు మంది మగవాళ్లు, ఈమె ఒక్కతే ఆడమనిషి. ఒకరి పాఠం ఇంకొకరు వినడమనేది అక్కడ పక్కింటి వంటింట్లోకి తొంగిచూసినంత తప్పు. "ఒగసారి వొచ్చి నా పాఠం ఇనండి సార్" అని ఇద్దరిని అడిగింది. ఒకాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఇంకొకాయన, "మేమొచ్చి కూచుంటే తనిఖీ అనుకుంటారమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం కంటోన్మెంటులోని అద్దె గదికి నడుస్తుంటే, ఈ ఊళ్లో ఇంతమంది జనం ఎందుకున్నారా అనిపించింది.

పిలిస్తే రావడం లేదు కాబట్టి తానే పోదామనుకుంది. మర్నాడు చరిత్ర చెప్పే హులిగెప్ప క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుంది. ఇరవై ఏళ్లుగా చెబుతున్న మనిషి, ఆమెను చూసి విజయనగర రాజుల వరస తప్పాడు. కాసేపటికి సర్దుకుని చక్కగానే చెప్పాడు.

"ఏందమ్మా, ప్రిన్సిపాల్ పంపించినాడా?" అన్నాడు బయటికొచ్చాక.

"ల్యాదు సార్, నేనే వొచ్చినా. మీ పాఠం బాగుండాది. నాది యాడ చెడతాందో చెప్పేవాళ్లు ల్యారు."

"ఇరవై ఏండ్లల్లో నా పాఠం బాగుండాదని ఒగరూ అనల్యాదమ్మా. రేపు వస్తా" అన్నాడు.

వచ్చాడు. గంట కొట్టేదాకా కదలకుండా కూర్చుని, తర్వాత వరండాలో నెమ్మదిగా చెప్పాడు.

"లెక్కలు నాకు రావు. ఒగటి మాత్రం చూసినా. మీరు ప్రశ్న అడుగుతారు. పిల్లోళ్లు నోరు తెరిచేలోపల జవాబూ మీరే చెప్తారు. పదిహేడు సార్లు. ఎంచినా."

ప్రమీలమ్మకు తల కొట్టేసినట్టయింది. గదిలో ఆమె బతుకు అదే కదా. అన్నం తిందామా అని తనే అడుగుతుంది, తిందాంలే అని తనే అంటుంది. రెండేళ్లుగా ఆ గదిలో ఇంకొకరు బదులు చెప్పింది లేదు. ఆ అలవాటు క్లాసులోకి కూడా వచ్చేసిందని ఎవరితో చెప్పుకుంటుంది?

మర్నాడు బోర్డు మీద లెక్క రాసి, అడిగి, ఊరుకుంది. క్లాసూ ఊరుకుంది. నాలుక చివరి దాకా వచ్చిన జవాబును పంటి బిగువున ఆపుకుంది. ఆ రోజూ వచ్చిన హులిగెప్ప చివరి బెంచీలో తల దించుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి సిద్ధమ్మ అనే పిల్ల లేచి, నేలకు చెబుతున్నట్టు ఏదో అంకె చెప్పింది.

తప్పు జవాబే, కానీ బదులొచ్చింది. ప్రమీలమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అదెట్లొచ్చిందో చెప్పుమ్మా" అని, బదులు కోసం నిలబడింది.