ఉతకని అంగీ

టీ మరుగుతున్న వాసన.

తాగడానికి కాదు. పెద్ద గిన్నెలో ముప్పై టీ పొట్లాలు, అందులో ఒక కొత్త చొక్కా. కిటికీ అవతల టెక్సస్ గాలి ఓక్ చెట్లను దులుపుతోంది. లోపల సంహిత చెక్క గరిటెతో చొక్కాను తిప్పుతోంది… మెల్లగా, పప్పు అడుగంటకుండా కలిపినట్టు.

కొత్తదాన్ని పాతది చేయాలి. ఆమె పని అదీ.

వింత పనే. ఇంటి దగ్గర పాతదాన్ని కొత్తగా కనిపించేలా చేయడానికి అమ్మ గంజి పెట్టి, నీలిమందు పెట్టి, నానా తంటాలు పడేది. ఇక్కడేమో డబ్బు పోసి కొన్న చొక్కాను గరుకు కాగితంతో రుద్దుతారు. క్యారెట్ తురిమే దానితో మోచేతులు గీకుతారు. అమ్మ చూస్తే చెంప పగలగొట్టేది.

డాలస్ దగ్గర యూనివర్సిటీ. కంప్యూటర్ సైన్స్‌లో ఎం.ఎస్. వారానికి ఇరవై గంటలు క్యాంపస్‌లోనే ఏదో ఒక పని. కెఫెటీరియాలో ఖాళీ లేదన్నారు. జాకెట్లు కుట్టడం వచ్చని చెబితే, నాటకాల వాళ్ళ కాస్ట్యూమ్ గదికి పంపారు.

ఆ గదికి పెద్ద లొరెట్టా. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు… అందుకే మాట తక్కువ.

మొదటి రోజు అలమారలో వోడ్కా సీసా చూసి సంహిత గబుక్కున తలుపు మూసింది. తాగడానికి కాదట. నీళ్ళు కలిపి, స్ప్రే సీసాలో పోసి, రోజూ ఉతకలేని కాస్ట్యూముల మీద ఆటకూ ఆటకూ మధ్య కొడతారట. చంకలు, మెడ, వీపు. ఆరిందా — చెమట వాసన ఉండదు. మందు వాసనా ఉండదు.

ఏ వాసనా ఉండదు.

వారంలో ఆమె చేయి తిరిగింది. చంకలు, మెడ, వీపు… తర్వాతి హ్యాంగర్. చంకలు, మెడ, వీపు… తర్వాతిది.

ఆ వసంతంలో వేసే నాటకంలో ఒక ముసలి పోస్ట్‌మన్ ఉన్నాడు. ఏ ఊరో, ఏ దేశమో చెప్పని నాటకం. లొరెట్టా నోట్లోంచి సూదులు తీసింది.

"ఇరవై ఏళ్ళు సంచి మోసిన మనిషి చొక్కా ముందు ఎక్కడ అరుగుతుంది? ఊహించి చెప్పకు. చూసి చెప్పు."

సంహిత చూడనక్కరలేదు.

ఎడమ భుజం.

బాపు — నాన్న అంజయ్య — కరీంనగర్ డిపోలో బస్సు కండక్టర్. తోలు సంచి పట్టె రాసుకుని రాసుకుని, ఆయన ఎడమ భుజం మీద ఖాకీ వెలిసిపోయి, రెండు వేళ్ళ వెడల్పున తెల్లటి బాట పడింది. జేబు అంచున పెన్ను కక్కిన మరక. మెడ పట్టీ లోపల కొబ్బరినూనె నలుపు.

ఆ అంగీ ఆమె దగ్గరే ఉంది.

బాపు పోయి ఏడాది. డ్యూటీ నుంచి వచ్చి, అంగీ విప్పి కొక్కేనికి తగిలించి, మంచినీళ్ళు అడిగాడు. అవి వచ్చేలోగా పోయాడు. పదకొండో రోజున ఆయన బట్టలన్నీ మూటగట్టి ఇచ్చేశారు. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు. ఆ ఒక్క అంగీని మాత్రం అమ్మ బియ్యం డబ్బా వెనక దాచింది. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి రెండు ముళ్ళు వేసి, సంహిత అమెరికా బయల్దేరిన రోజు చేతిలో పెట్టింది.

"ఉతకలే బిడ్డా. అన్నకియ్యి. ఆఖరిసూపుకు రాకపాయె. బాపు వాసనన్న సూడనియ్యి."

అన్న నిశాంత్ డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఊరు చూసి ఐదేళ్ళు దాటింది. బాపు పోయిన వారం అతని హెచ్-వన్ వీసా ట్రాన్స్‌ఫర్ పెండింగ్‌లో ఉంది. దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో. దహనమంతా ఫోన్‌లో విన్నాడు — డప్పులు, ఏడుపులు, మధ్యలో సిగ్నల్ పోవడం…

దిగిన రోజు ఎయిర్‌పోర్టులోనే చెల్లెలు కవర్ అందించబోయింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇప్పుడొద్దు చెల్లే. నాతోని కాదు. నీ దగ్గర్నే ఉంచు. నేనే అడుగుత."

ఎనిమిది నెలలు. అడగలేదు.

సంహిత కూడా ముడి విప్పలేదు. అది అన్న వాటా.

ఇప్పుడు విప్పింది. పనికోసమే అనుకుంది. కొబ్బరినూనె… డీజిల్ పొగ… చెమట… బీడీ… సాయంత్రం ఆరున్నర, ఆయన ఇల్లు చేరే వేళ. బాపు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె నేలమీద కూర్చుండిపోయి, గబగబా కవర్ మూతి బిగించింది, ఎక్కువ ఖర్చయిపోతుందేమోనని.

లొరెట్టా ఆ అంగీని చాలాసేపు చూసింది. పోస్ట్‌మన్‌కు నీలం వద్దు, ఖాకీయే అంది. సంహిత ఒక చీటీ రాసి అంగీకి గుచ్చింది — ఉతకవద్దు. ముట్టవద్దు. గదిలో అందరూ ఆ మాట మీద నిలబడ్డారు.

మూడు వారాలు.

పళ్ళు తోమే బ్రష్‌తో బ్లీచ్ అద్దడం నేర్చుకుంది, కొత్త ఖాకీ చొక్కా భుజం మీద బాట కోసం. గ్లిజరిన్‌లో గోధుమ రంగు కలిపి మెడకు మకిలి పట్టించడం నేర్చుకుంది. మనిషి బట్టను ఎలా అరగదీస్తాడో నేర్చుకుంటూ పోతే, బాపు రోజంతా ఏం చేసేవాడో తెలిసింది. ఎడమ భుజం ఎత్తి నిలబడేవాడు. కుడిచేత్తో కమ్మీ పట్టుకునేవాడు. ఇంట్లో ఉండగా ఆమె ఇవేవీ చూడలేదు. అందుకు ఇప్పుడు ఏడ్చింది.

ఒకరోజు లొరెట్టా కళ్ళద్దాలు పెట్టుకుని, అసలునూ నకలునూ పక్కపక్కన పట్టుకుంది.

"వీటిలో మీ నాన్నది ఏది?"

అంతకన్నా పెద్ద మెప్పు సంహితకు బతుకులో దొరకలేదు.

ఉతికినప్పుడల్లా నకలు కొంచెం వెలిసేది. అసలును పక్కన పెట్టుకుని మళ్ళీ అద్దేది. పని అవగానే అంగీని కవర్‌లో పెట్టి, రెండు ముళ్ళు వేసేది. ఒక్కరోజూ మరిచిపోలేదు.

ఆదివారం. ఆఖరి ఆట, మధ్యాహ్నం రెండింటికి. అన్న కూడా వస్తున్నాడు, చెల్లెలి పని చూడడానికి. పొద్దున నకలుకు చివరిసారి రంగు అద్ది, రెంటినీ పక్కపక్కన తగిలించింది. అంతలో ఎవరిదో గౌను చిరిగిందని పిలిచారు. కుట్టి వచ్చింది. గోడ గడియారం చూసి స్ప్రే సీసా అందుకుంది.

నలభై హ్యాంగర్లు. చంకలు, మెడ, వీపు… తర్వాతిది. చంకలు, మెడ, వీపు… తర్వాతిది. మనసు అన్న మీద ఉంది. ఏ వరుసలో కూర్చుంటాడో. ఖాకీ చొక్కా. చంకలు. మెడ — బాగా, రెండుసార్లు. వీపు. తర్వాతిది.

తర్వాతిదీ ఖాకీ చొక్కాయే.

దాని మెడ దగ్గర నటుడి పేరు కుట్టిన పట్టీ ఉంది.

మొదటిదానికి లేదు.

చీటీ ఉంది. పక్కనున్న కోటు చేతి కింద నలిగి ఉంది. గదిలో అందరూ పాటించిన మాట, రాసినామెకే గుర్తులేకపోయింది.

సంహిత అంగీలో ముఖం దాచుకుంది. తడి. కాసేపు మందు ఘాటు. ఫ్యాను కింద పట్టుకుంది, అదీ పోయింది. మెడ దగ్గర చూసింది. చంకల్లో చూసింది. భుజం మీద తెల్లటి బాట అలాగే ఉంది, మరక అలాగే ఉంది, నలుపు అలాగే ఉంది…

మనిషి లేడు.

లొరెట్టా వచ్చింది. చీటీ చూసింది, సీసా చూసింది. కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

ఇరవై ఏళ్ళ చెమట మరకను గంటలో తెప్పించగలదు సంహిత. ఇరవై ఏళ్ళ అరుగుదలను పూటలో తేగలదు. ఆ గది నిండా రంగులు, పొడులు, నూనెలు. వాటిలో ఒక్కటీ పనికిరాదు. నేర్చుకున్న విద్యే నెత్తిన కొట్టింది, ఎవరిని తిట్టుకుంటుంది?

నాటకం అయింది. ఆమె అంగీని మళ్ళీ కవర్‌లో పెట్టి, రెండు ముళ్ళు వేసి, సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది. అన్న బయట గాలిలో నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ ముసలాయన భుజం… బాపు లెక్కనే నిలవడ్డడు చెల్లే."

ఆమె తల ఊపింది.

"అంగీ తెచ్చినవా? ఇయ్యి. ఇగ ఇయ్యి."

చెప్పాలి. అన్నా, తప్పయింది అనాలి. సంచిలోంచి కవర్ తీసి ఇచ్చింది.

కారులో కూర్చున్నారు. నిశాంత్‌కు ముళ్ళు విప్పడానికి చాలాసేపు పట్టింది. అంగీని రెండు చేతుల్లో ఎత్తుకుని ముఖానికి ఆనించుకున్నాడు.

పీల్చాడు.

మళ్ళీ పీల్చాడు.

సంహిత ఒళ్ళో చేతులు పెట్టుకుని, రాబోయే మాట కోసం కూర్చుంది.

అతను తల ఎత్తాడు. ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది.

"ఇదేనా చెల్లే? బాపు వాసన ఇదేనా? నాకు… నాకు యాదికస్తలేదు."

గాలి కారును ఒకసారి ఊపి వదిలింది.

"ఇదే అన్నా," అంది.

అతను చేయి చాచి ఏసీ ఆపేశాడు.

"అద్దం ఎక్కియ్యి. వాసన పోతది."

సంహిత తన వైపు అద్దం పూర్తిగా ఎక్కించింది. ఎండకు కారు వేడెక్కసాగింది. అతను మళ్ళీ ముఖం దించుకున్నాడు.