వంపు కాడ నాపరాయి

కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు కొట్టించుకున్నారు. రిబ్బను కత్తిరించిన నాయకుడు కండువా సర్దుకుని కారెక్కాడు. జమ్మలమడుగు సర్కారు కాలేజీలో ఇరవై కంప్యూటర్లు. ఒక్కదాంట్లోనూ ఇంటర్నెట్ లేదు. వేరుశనగ కుళ్లు తెగులు మీద పరిశోధన చేస్తున్న సుందరి మీటలు నొక్కి నొక్కి అలిసిపోయింది. నెలాఖరుకు ప్రాజెక్టు ఇవ్వకపోతే ఆమె చదువు మట్టిపాలే.

"లైను ఇంకా రాలేదమ్మా. గలాటా చేయొద్దు" అన్నాడు ప్రిన్సిపాల్.

సభకు జనం కావాలని లారీలో తోలుకొచ్చిన కూలీల్లో సుందరి తల్లి ప్రేమమ్మ ఉంది. ఆమెకు ఒళ్లు మండింది. "రాకపోయేదేంది సార్? కాలవ తవ్వింది మేమే గదా! కేబులు పూడ్చింది మేమే గదా!"

అన్నాక తట్టింది ఆమెకు. మూడు దారుల కాడ కాంట్రాక్టర్ యోగానంద మనిషి కాలవను ఎడమకు తిప్పించాడు. "ఎనక గేటుకు పోతాది, తవ్వండి" అన్నాడు. నాలుగు బారలు తవ్వించి, కేబులు పూడ్పించి, మీ పని అయిపోయిందని పంపేశాడు. ఎడమ పక్క ఉన్నది యోగానంద సొంత ఇంజనీరింగ్ కాలేజీ! బిడ్డ చదువుకని హుషారుగా పలుగు వేసిన ప్రేమమ్మ, తన చేత్తోనే బిడ్డ నోట్లో మన్ను కొట్టింది.

ఆ సాయంత్రం పాలెంలో చర్చి ముందర కూలీలు, విద్యార్థులు చేరారు.

"ఆ యోగానందకు నాయకుని అండ ఉండాది. సుమోల నిండా బాంబులుండాయి" అన్నాడు ముసలి పాలయ్య.

"అట్లయితే రెండో పార్టీ ఆయప్పను అడుగుదాం" అన్నాడు జమాల్ అనే విద్యార్థి.

"ఆయప్పొస్తే లైను ఆయప్ప కాలేజీకి పోతాది!" కసిరాడు మేస్త్రి సాలోమోను. "ఈ పార్టీకి కొందరం, ఆ పార్టీకి కొందరం ఇన్నేండ్లు తలలు పగలగొట్టుకుంటిమి. ఇంగ చాలు."

"రుజువేదని అడుగుతారు మామా" అంది సుందరి.

"వంపు కాడ ఉండాదిలేమ్మా రుజువు."

తీగ మలుపు తిరిగిన చోట, రేపు ఎవరి పలుగో తగలకుండా, పైన నాపరాయి పరచడం ఈ కూలీల అలవాటు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. మట్టి మోసేవాళ్లకు తీగ సంగతేం తెలుసులే అనుకున్న యోగానందకు ఆ రాయి సంగతి తెలియదు.

మరునాడు పట్టపగలే నూరు మంది మూడు దారుల కాడ మట్టి తీశారు. నాపరాయి బయటపడింది. దాని కింద కేబులు ఎడమకు తిరిగి ఉంది. బస్సులు ఆపి జనం దిగి చూశారు. సుమోలు వచ్చాయి, వాటి వెనకే పోలీసులు. సర్కారు ఆస్తి ధ్వంసమట! ప్రేమమ్మను, సాలోమోనును జీపెక్కించారు.

"దొంగను ఇడిసిపెట్టి తవ్వినోళ్లను పట్టుకుంటాండారే, సిగ్గుల్యా?" జీపు కదిలినా ప్రేమమ్మ అరుస్తూనే ఉంది.

"ముందు గుంత పూడ్చండి!" అన్నాడు ఎస్సై. కూలీలు పారలు కింద పెట్టి చేతులు కట్టుకున్నారు. చుట్టుపక్కల ఊళ్లకు కబురు పోయింది. రెట్టింపు కూలి ఇస్తామన్నా ఒక్కరూ రాలేదు. చివరికి యోగానంద తెల్లచొక్కాల మనుషులే పారలు పట్టి, రెండు తట్టలకే నడుములు పట్టుకుని కూలబడ్డారు. బాంబులు వేసిన చేతులకు మట్టి లొంగలేదు.

అయిదో రోజు ప్రొద్దుటూరు సబ్ జైలుకు వచ్చిన సుందరి ఊచల్లోంచి అరచేతులు చాపింది. నిండా బొబ్బలు.

"గుంత అట్లే ఉండాదిమ్మా. కూలోళ్లు, కాలేజీ పిల్లోళ్లు అందరం కుడి పక్కకు తవ్వుతాండాం. మన కాలేజీ గేటుకు ఇంగ ఇరవై గజాలే."

ప్రేమమ్మ ఆ చేతులకేసి చూసింది. ఏడవలేదు.

"వంపు కాడ రాయి పెట్టేది మర్చిపోవాకండి" అంది.