నా బదులు పరీక్షకు కూర్చున్నది

యాష్ నగరంలో వైద్యం చదివేటప్పుడు, మొదటి ఏడాది శరీర నిర్మాణ శాస్త్రం పరీక్ష ముందు నేను ఆరు వారాలు కంటి నిండా నిద్రపోలేదు. నూట ఇరవై మందిమి చేరితే చలికాలం వచ్చేసరికి ముప్పై మంది మానేశారు. మా ప్రొఫెసర్ హారాలంబ్, పుర్రెకు చెందిన ఎముక ఒకటి మా అరచేతిలో పెట్టి, కళ్లు మూసుకుని తడిమి చెప్పమనేవాడు. తడబడితే "వచ్చే ఏడాది కలుద్దాం" అనేవాడు, అంతే.

జనవరిలో నాకు జ్వరం తగిలింది. మూడు రోజులు హాస్టల్ మంచం దిగలేదు. మూడో రోజు మధ్యాహ్నం, పక్క హాస్టల్లో ఉండే నా క్లాస్‌మేట్ జంఫీరా వచ్చింది.

"ఏమే వెటూరియా, అప్పుడే పక్కెక్కావా? ఇందాకే కదా మెట్ల దగ్గర విడిపోయాం."

"నేను సోమవారం నుంచి లేవనే లేదే."

"పోవే, నాతోనా వేళాకోళం. మూడు రోజులుగా నా పక్కనే కూర్చుంటున్నావు. ఇవాళ నా రొట్టెలో సగం నువ్వే తినేశావు. ఇదిగో, నీ నోట్సు నా సంచిలో ఉండిపోయింది."

దస్తూరి నాదే. మూడు రోజుల పాఠాలూ ఉన్నాయి. ఒక్క కొట్టివేత లేదు. నేనెప్పుడూ అంత శుభ్రంగా రాసి ఎరుగను.

మర్నాడే పరీక్ష. జ్వరం తగ్గింది కానీ మెల్లగా నడవాల్సి వచ్చింది. నేను వెళ్లేసరికి పేర్లు పిలవడం మొదలైపోయింది. తలుపు అద్దంలోంచి చూశాను. ప్రొఫెసర్ ఎదుట ఒకమ్మాయి నా వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది. బూడిద రంగు స్వెట్టర్. మోచేతి దగ్గర గోధుమ రంగు ఊలుతో వేసిన మాటు. అది మా నాయనమ్మ వేసిన మాటు. ఆ స్వెట్టర్ అప్పుడు నా ఒంటి మీదే ఉంది.

లోపలి గొంతు తడుముకోకుండా జవాబులు చెబుతోంది. ప్రొఫెసర్ తల ఊపుతున్నాడు. అంతలో ఆ అమ్మాయి తల మెల్లగా తలుపు వైపు తిరగబోయింది. ముఖం కనబడకముందే నేను పరుగెత్తాను.

హాస్టల్‌కి చేరాక సంచి తెరిస్తే, ప్రొఫెసర్లు పరీక్షలోనే మార్కులు వేసిచ్చే నా మార్కుల పుస్తకంలో పదికి పది, కింద ఆయన సంతకం. పుస్తకం నా సంచిలోంచి బయటికి పోయిందే లేదు.

రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచాను. ఊరుకుంటే ఇక ముందు పరీక్షలన్నిటికీ అదే వెళుతుందనిపించింది. నేను మంచం మీదే ఉండిపోతాననిపించింది. మూడో రోజు ఆయన గదికి వెళ్లాను.

"సార్, ఆ పరీక్షకు వచ్చింది నేను కాదు. నన్ను మళ్లీ అడగండి."

ఎవరు వచ్చారని ఆయన అడగలేదు. నా ముఖంలోకి చూసి, నా అరచేతిలో ఎముక పెట్టాడు.

"కళ్లు మూసుకోమ్మా."

తడిమి తడిమి చెప్పాను. నాలుగు తప్పులు. ఆయన పది కొట్టేసి ఆరు వేశాడు.

"నయం, నువ్వు తిరిగొచ్చావు" అన్నాడు. "నేను చదివేటప్పుడూ ఒక కుర్రాడికి ఇలాగే జరిగింది. ఆ కుర్రాడు తిరిగి రాలేదు."

జంఫీరా మాత్రం కొన్నాళ్లు దెప్పింది: "ఆ మూడు రోజులూ భలే కబుర్లు చెప్పావే. మళ్లీ మామూలు మొద్దువైపోయావు."

ఆ కుర్రాడెవరని అడిగే ధైర్యం నాకు రాలేదు. మిగిలిన ఏడాదంతా ఆయన పాఠాలు ముందు వరుసలో కూర్చుని విన్నాను. ఒక్క కొట్టివేత లేని ఆ నోట్సు గుర్తొచ్చి, ఆయన నోట ఒక్క తప్పు దొర్లితే బాగుండునని కాచుకుని కూర్చునేదాన్ని. దొర్లలేదు.