మెట్లు లేని కొండ

ట్రావెల్స్ ఆఫీసులో ఫోను పక్కన కూర్చుని ఏళ్ల తరబడి జనాన్ని కొండల మీదికి పంపిన మనిషి, మొదటిసారి తానే కొండెక్కాడు. అదీ భార్య పోరు పడలేక. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఆమె, "ఊళ్లో అందర్నీ పంపుతారు, నన్ను తప్ప" అని అనీ అనీ విసిగిపోయి, చివరికి సెలవు పెట్టేసి, ఇద్దరి బట్టలూ తనే సర్దేసింది.

లాడ్జిలో దిగినప్పటి నుంచి అతనికి కాలు నిలవలేదు. గదిలోకి రాగానే కిటికీ తెరిచాడు. ఎదురుగా పక్క లాడ్జి గోడ, దాని మీద నాచు పట్టిన నీళ్ల గొట్టం. ఇక్కడ ఏ కిటికీ తెరిచినా శిఖరాలే కనబడతాయని ఎంతమందికి చెప్పాడో అతనికే గుర్తులేదు. కిటికీ మూసి వేడినీళ్ల కుళాయి తిప్పాడు. చల్లటి నీళ్లొచ్చాయి. బజారు దాకా వెళ్లాడు, తిరిగొచ్చాడు, మళ్లీ చెప్పులేసుకున్నాడు.

"కాసేపు నడుం వాల్చండి. తనిఖీకొచ్చిన ఆఫీసరులా ఆ తిరుగుడేంటి?" అంది భార్య.

"ఊరికే. చలికి."

"చలికి ఎవరైనా ముసుగుతన్ని పడుకుంటారు. ఊరంతా తిరగరు."

మర్నాడు పొద్దున భోజనాల గదిలో పక్క బల్ల దగ్గర ఓ వృద్ధ దంపతులు కూర్చున్నారు. పెద్దాయన ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడట. గోడ మీది గడియారాన్ని అనుమానంగా చూస్తూ టీ తాగుతున్నాడు. ఆవిడ మోకాలికి పట్టీ కట్టుకుని, ఆ కాలు బారచాపి కూర్చుంది.

"ఇంకో టీ. చక్కెర కొంచెం తగ్గించి" అని అతను తన బల్ల దగ్గర్నుంచి వంటమనిషిని కేకేశాడు.

ఆవిడ చటుక్కున తల తిప్పింది. "బాబూ, ఈ గొంతు నేను విన్నాను. ఫోన్లో మాకు ఈ గది కుదిర్చింది నువ్వే కదూ?"

అతను ఖాళీ కప్పులోకి చూశాడు. "నేనా? కాదండీ. మీరెవర్నో చూసి ఎవరో అనుకుంటున్నారు."

"అచ్చం అదే గొంతు. 'ఒక్క మెట్టు ఉంటే ఒట్టు మామ్మగారూ, కారు దిగితే కొండే' అన్నాడా మహానుభావుడు. తీరా చూస్తే పైకి మెట్లు తప్ప వేరే దారే లేదు. వచ్చిన దగ్గర్నుంచీ గదిలో గోడ చూస్తూ కూర్చున్నా. మా ఇంట్లో గోడల్లేవా?"

"పోనీలేవే, గాలైనా మారింది" అన్నాడు పెద్దాయన.

"గాలి కోసం ఇంత దూరం రావాలా? ఫ్యాను రెక్కలు తుడిస్తే సరిపోయేది."

భార్య తింటున్న బ్రెడ్డుముక్క పళ్లెంలో పెట్టేసింది. గదికి వెళ్లగానే తలుపు వేసింది.

"మీరే కదూ?"

"ఉన్నదున్నట్టు చెబితే ఎవరొస్తారు? ఆఫీసులో అందరం చెప్పేదే."

"ఆఫీసు సంగతి నాకెందుకు? ఆవిడ మొహం మీదే కాదన్నారు. నేను పక్కనుండగా."

ఆమె దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అతను బయటికొచ్చాడు. ఎటు నడవాలో తెలియక, కొండపైకి వెళ్లే మెట్ల దారే పట్టాడు. తడిసిన రాతిమెట్లు. తుప్పుపట్టిన కమ్మీ పట్టుకుంటే అరచేయంతా ఎర్రబడుతోంది. కొంతదూరం ఎక్కేసరికి ఆయాసంతో కూలబడ్డాడు. మోకాళ్లు బాగున్న తనకే ఇలా ఉంటే! లేచి పైకి కాదు, కిందికి నడిచాడు. తిన్నగా ఆ దంపతుల గది తలుపు కొట్టాడు.

"మామ్మగారూ, ఆ గొంతు నాదే."

"పొద్దున్నే తెలుసు" అంది ఆవిడ. "నీ మొహంలో ఏం దొరకలేదు గానీ, నీ భార్య మొహంలో దొరికింది."

"తప్పయిపోయింది. క్షమించండి."

"నీ క్షమాపణ నేనేం చేసుకోను? నాకు కొండ చూడాలనుంది."

అతను వంటగదిలోకి వెళ్లి వంటమనిషిని బతిమాలాడు. ఇద్దరూ కలిసి చేతుల కుర్చీకి రెండువైపులా వెదుళ్లు కట్టారు. కుర్చీ ఎత్తే సమయానికి భార్య వచ్చి, ఆవిడకి శాలువా కప్పింది. ముందు వంటమనిషి, వెనక అతను. పక్కన గొడుగుతో పెద్దాయన, "మెల్లగా, మెల్లగా" అంటూ.

"ఒరిగిపోతున్నా, సరిగా పట్టుకో నాయనా! అబద్ధం తేలిగ్గా ఉంటుంది గానీ మనిషి బరువే" అంది ఆవిడ.

పైకి చేరేసరికి అంతా తెల్లటి మబ్బు. ఎదురుగా ఉన్న రెయిలింగు తప్ప ఏమీ కనబడలేదు. చూడవచ్చినవాళ్లు గొణుక్కుంటూ దిగిపోతున్నారు. అతను రెయిలింగు దాకా వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఇంత మోసుకొచ్చి చూపించేది ఇదా?

"కాస్త కుదురుగా కూర్చో బాబూ. నీ కంగారు చూసి మబ్బు కూడా కంగారు పడుతోంది."

నేల మీద కూర్చున్నాడు. కాలు మాత్రం ఆడుతూనే ఉంది. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. వంటమనిషి పొయ్యి మీద పని ఉందని రెండుసార్లు గుర్తుచేశాడు. అప్పుడు గాలి తిరిగింది. అందరూ ఎదురుగా చూస్తుంటే పెద్దాయన గొడుగు పైకెత్తి, "అక్కడ కాదే, ఇంకా పైన!" అని అరిచాడు.

ఆకాశమనుకున్న చోట కొండ ఉంది. మంచు అంచు ఒక్కటి, ఎండలో తెల్లగా. ఎవరైనా ఫోను తీసేలోపే మూసుకుపోయింది.

ఆవిడ నోరు తెరిచి అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత, "ఉందాం. మళ్లీ కనబడుతుందేమో" అంది.

కనబడలేదు. చినుకులు మొదలయ్యాక దిగారు. దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. సగం దారిలో అతని చేతులు పట్టు తప్పుతుంటే భార్య వెదురుకు తన చెయ్యి కూడా ఆనించింది.

సాయంత్రానికి అతని భుజాలు లేవలేదు. భార్య నొప్పులకి రాసే మందు తెచ్చి మంచం మీద కూర్చుంది.

"ఇంకా కోపమేనా?"

"కోపమే. అటు తిరగండి, రెండో భుజానికీ రాస్తాను."