ఇంకొంచెం వెనక్కి, అత్తయ్యా

"ఇంకొంచెం వెనక్కి జరగండి అత్తయ్యా," అంటున్నాను నేను, మా పడకగదిలో కిటికీకీ బీరువాకీ బొంతలు వేలాడదీసి, చప్పుడు రాకుండా ఫ్యాను ఆపేసి, చెమట పట్టిన చెవుల మీద హెడ్‌ఫోన్లు నొక్కి పట్టుకుని, మా అత్తయ్య సువార్తమ్మేమో మైకు ముందు తెల్లచీర కొంగు బొడ్లో దోపుకుని నిలబడి ఉంది, తను చనిపోయి ఏడాదయిందన్న సంకోచం ఏ కోశానా లేకుండా. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకీ తెలుసు, కాకపోతే ఎత్తితే ఎక్కడ వెళ్ళిపోతుందోనని నేను ఎత్తడం లేదు, పని ముందు పెట్టుకుని ఆ కబుర్లెందుకని ఆమె ఎత్తడం లేదు.

ఈ సాయంత్రమే ఆమె జ్ఞాపకార్థ కూడిక, బొంత కొంచెం తొలగిస్తే చాలు చర్చి ముందు వేసిన షామియానా కనిపిస్తోంది, కుర్చీలు దించుతున్నారు, ఆమె సొంతంగా కట్టిన పాట ఆమె గొంతులోనే వినిపించమని చర్చంతా నన్నే అడిగింది. నా దగ్గరేమో ఆ పాట రెండుసార్లు పాడింది మాత్రమే ఉంది. టెస్టింగుకని మెల్లగా పాడింది శుభ్రంగా వచ్చింది గాని అది ఆమె కాదు, ఎవరో మొహమాటస్తురాలు చుట్టాలింట్లో పాడినట్టుంటుంది. అసలు రికార్డింగుది ముమ్మాటికీ ఆమే, కాని మొదటి మాట నుంచీ శబ్దం హద్దు దాటిందని ఎర్రలైటు కొట్టేసి గొంతంతా బరబరమని చినిగిపోయింది.

"టెస్టింగులో పిల్లి, రికార్డింగు అనగానే పులి! నేనేమో పిల్లికి సరిపడా మైకు గెయిన్ పెంచుకుని కూర్చున్నాను," అంటున్నాను, నా గొంతులో కోపం నాకే వినిపిస్తోంది.

"టెస్టింగని నువ్వేగా చెప్పావు. ఉత్తుత్తిదానికి ఎవరన్నా గొంతు చించుకుంటారా?" అంటోంది అత్తయ్య నవ్వుతూ.

మంచం మీద మా ఆయన ఇమ్మానుయేలు ఎప్పుడొచ్చి కూర్చున్నాడో, చర్చిలోని పాత యాంప్లిఫయరు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళికి ముందు మైకుసెట్టు దగ్గర కూర్చునే రోజుల్లోలాగే నూనూగు మీసాలతో ఉన్నాడు, "ఎర్రలైటు వెలగాలి షారోనూ, వెలిగితేనే వీధి చివరిదాకా వినపడుద్ది," అంటున్నాడు, ఈ చదువు నాకు నేర్పిందే ఈయన. పాత టేపురికార్డరులో ముల్లు కాస్త గీత దాటినా అది ఓర్చుకునేది, ఈ లాప్‌టాప్‌కి ఆ ఓర్పు లేదు, గీత దాటిన గొంతుని దాటినంతమేరా కోసి పారేస్తుంది, ఆ తర్వాత వాల్యూము ఎంత తగ్గించినా చినిగింది చిన్నగా వినిపిస్తుందే తప్ప అతుక్కోదు, కత్తిరించిన జుట్టు దువ్వితే పెరుగుతుందా? అదే ఆయనకి చెబుదామని తిరిగేసరికి మంచం మీద ఇస్త్రీకి మడత పెట్టిన బట్టలున్నాయి.

మైకు గొంతుని ఎంత జోరుగా పట్టాలో చెప్పే గెయిన్ మర తగ్గిస్తున్నాను, అది ఎంత తిప్పినా ఆగడం లేదు, తిప్పగా తిప్పగా గ్యాసుపొయ్యి మర అవుతోంది, లాప్‌టాప్ తెర మీద గొంతు ఎత్తు చూపించే పచ్చటి గీత గిన్నెలో పాలలాగా పైపైకి వస్తోంది, అత్తయ్య నా భుజం మీదుగా వంగి చూస్తోంది.

"పాలు కాచేటప్పుడు పొంగుకి చోటొదిలి పోస్తావు గదా, దీనికి మాత్రం అంచుదాకా నింపుతావేందమ్మాయ్?"

"నింపింది నేనా? మీరు ఒక్కసారిగా పొంగితే నేనేం చెయ్యను! ఇంకొంచెం వెనక్కి వెళ్ళి పాడండి."

ఆమె హాల్లోకి వెళ్తోంది, మైకు తీగ కూడా వెనకే సాగుతోంది, పల్లవి ఎత్తుకోగానే ఎరుపు. వెనక్కి అంటున్నాను, వరండా, వీధి, చీరాల మగ్గాల చప్పుడు దాటి ఆమె గొంతు వస్తూనే ఉంది, మళ్ళీ ఎరుపు, వెనక్కి అంటున్నాను, ఇప్పుడు ఆమె వాడరేవు ఇసుకలో నిలబడి ఉంది, మా కిటికీలోంచి వాడరేవు ఎలా కనిపిస్తోందో నేను అడగడం లేదు, అలలు ఆమె పాదాల దాకా వచ్చి పోతున్నాయి, ముఖం సరిగ్గా ఆనడం లేదు, నేనేమో ఇంకా "వెనక్కి, వెనక్కి" అంటూనే ఉన్నాను, ఆమె వెనక ఇక నీళ్ళే ఉన్నాయని అప్పుడు చూస్తున్నాను.

"వద్దు! ఆగండి! ముందుకి రండి!" అని కేకేస్తున్నాను, హెడ్‌ఫోన్ల తీగ మెడకి చుట్టుకుంటోంది, లేచి పరిగెడదామంటే కుర్చీ వదలడం లేదు.

"రమ్మంటావా, పొమ్మంటావా? ముందది తేల్చుకో," అంటోంది ఆమె, చెవి పక్కనే నిలబడి మాట్లాడినంత దగ్గరగా.

"చినిగింది అత్తయ్యా అంటే, రేపు మళ్ళీ పాడతాలే అన్నారు. అన్నం తిని పడుకున్నారు. ఆ రేపు రానే లేదు," అంటున్నాను, ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట.

"ఏం జెయ్యను, ప్రభువునందు నిద్రించిందని కార్డుల్లో అచ్చేయించారు, నిద్రపోనిస్తే గదా నువ్వు! పొద్దస్తమానం ఆ డబ్బా ముందు కూర్చుని నన్ను తిప్పి తిప్పి వింటావు."

"వినకపోతే ఎలా? పిల్లలు మీ గొంతు మర్చిపోతున్నారు. నేనూ మర్చిపోతున్నాను అత్తయ్యా. ఆ చినిగిందే విని విని, మీ గొంతు మొదటినుంచీ అట్లాగే ఉండేదేమో అనిపిస్తోంది. నాకు భయంగా ఉంది." చెబుతూ చెబుతూ ఏడుస్తున్నాను. "ఒక్కసారి పాడండి. ఒక్కసారి, ఎర్రలైటు లేకుండా."

ఆమె ఇసుక దులుపుకుంటూ లోపలికి వస్తోంది, గది చిన్నదవుతోంది, బొంతలు దగ్గరికి జరుగుతున్నాయి. వచ్చి నా ఎదురుగా మంచం పట్టె మీద కూర్చుంటోంది.

"పిచ్చిదానా, నేనెప్పుడన్నా చర్చిలో పాటంతా ఒక్కదాన్నే పాడానా? నేను ఎత్తుకునేదాన్ని, మీరందరూ అందుకునేవాళ్ళు. ఇక్కడ బొంతలు గట్టి, తలుపేసి, ఒక్కదాన్నే నిలబెట్టావు. పల్లవి ఎత్తుకున్నా, ఎవరూ అందుకోలా. వినపడలేదేమోనని ఇంకాస్త గట్టిగా పాడా. అప్పుడూ అందుకోలా."

నేను అప్పుడు పెదవులు బిగబట్టుకుని మీటరు చూస్తూ కూర్చున్నాను, నా గొంతు రికార్డింగులో పడకూడదని. ఆమె నా వైపు చూస్తూ పాడింది. నేను ఎర్రలైటు వైపు చూస్తూ విన్నాను. ఈ మాట ఆమెతో అందామనుకుంటున్నాను గాని అక్కడ షామియానాలో ఎవరో "హలో, హలో" అంటున్నారు, కుర్చీలు నిండిపోతున్నాయి, టైము లేదు, టైము లేదు.

"గెయిన్ సగానికి దించు. ఇంకా. ఆఁ, అక్కడుండనీ," అంటోంది ఆమె. మర ఈసారి బుద్ధిగా ఆగుతోంది. ఆమె మాట్లాడుతుంటే పచ్చగీత సగం దాకా వచ్చి మెల్లగా దిగుతోంది, దాని పైన బోలెడంత చోటుంది, పులి వచ్చినా పడుతుంది. ఏదీ అడ్డం లేదు. నేను రికార్డు బటను నొక్కుతున్నాను. ఆమె కొంగు సర్దుకుని, కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే ముక్కుతో బుస్సుమని గట్టిగా ఊపిరి తీసుకుంటోంది, ఆ ఊపిరి గది నిండా

మెలకువ వచ్చేసింది. మిట్టమధ్యాహ్నం, ఫ్యాను ఆపేసి ఉంది, కుర్చీలోనే నిద్రపోయాను, ఒళ్ళంతా చెమట. ఉలిక్కిపడి లేవడంలో హెడ్‌ఫోన్ల తీగ లాప్‌టాప్‌లోంచి ఊడిపోయింది. తెర మీద ఆ చినిగిన పాటే తెరిచి ఉంది. ఎన్నోసార్లు విన్నాను గాని ఎప్పుడూ పాట మొదలైన చోటునుంచే వినేదాన్ని, దాని ముందున్న ఖాళీని ఖాళీ అనే అనుకున్నాను. ఇప్పుడు మొట్టమొదటికి జరిపి నొక్కాను.

స్పీకర్లలోంచి బుస్సుమని ఊపిరి. పచ్చగీత సగం దాకా లేచింది, ఎక్కడా చినగలేదు, అచ్చంగా ఆమే. మొదటి మాట రాకముందే ఆపేశాను.

సాయంత్రం పెట్టాల్సింది ఈ ఊపిరేనని చెబుదామని నోరు తెరిచాను. ఈలోపే హాల్లో కూడికకి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న ఇమ్మానుయేలు, ఆ ఊపిరి చెవిన పడిందేమో, ఎవరూ అడక్కుండానే, సరిగ్గా వాళ్ళమ్మ ఎత్తుకునే శ్రుతిలో, "వాకిట దీపం నీవే ప్రభువా" అని ఆమె పాట పల్లవి అందుకున్నాడు.