ఇరవై బీడీల సేపు

"నువ్వు ముట్టినవా దీన్ని?"

ఆదివారం మధ్యాహ్నం నేను పెనం మీద జొన్నరొట్టె వేస్తుంటే ముందు గదిలోంచి ఆయన అడిగాడు. ఆయనంటే నా భర్త తుకారాం. నిజామాబాద్ బస్టాండు దారిలో టీవీలు బాగుచేసే దుకాణం ఆయనది. అడిగింది టీవీకి తగిలించిన ఆటల పెట్టె గురించి. "ముట్టలే" అన్నాను. "మరి ఆటల కుందేలు ఎందుకు ఎగుర్తలేదు? తుడిసేటప్పుడు ఏదన్న వైరు గుంజినవేమో యాది చేసుకో" అన్నాడు. పక్కనున్న ఆయన తమ్ముడు నవ్వాడు. ఈలోగా రొట్టె మాడింది. అదీ నా ఖాతాలోకే వచ్చింది.

విడ్డూరం ఏమిటంటే, ఆ పెట్టెలను ముట్టడమే నా ఉద్యోగం. అది రెండు వేల అయిదో సంవత్సరం. పసుపు మార్కెట్ యార్డు వెనక మొయినుద్దీన్ సాబ్ చిన్న కంపెనీ పెట్టాడు. ఇరవై ఏళ్ళ కిందటి వీడియో గేములను, వాటి హక్కులున్న విదేశీ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని, చిన్న ప్లాస్టిక్ పెట్టెలో బిగించి అమ్మడం. బీడీలు చుట్టేవాళ్ళ వేళ్ళు చురుకుగా ఉంటాయని మా ఆడవాళ్ళను ఇరవై మందిని పనిలో పెట్టుకున్నాడు. నాది చివరి బల్ల. ప్రతి పెట్టెనూ మూడు నిమిషాలు ఆడి చూడాలి. కుందేలు బావుల మీంచి ఎగిరి కొండ కిందికి చేరేసరికి మూడు నిమిషాల గంట కొడుతుంది, నేను ఆపేస్తాను. రోజుకు వంద సార్లు కొండ దాకా వెళ్ళేదాన్ని. అవతల ఏముందో చూడాలని ప్రాణం కొట్టుకునేది.

మూత మీద గీత పడిన పెట్టెను సాబ్ నాకిచ్చాడు. ఇంటికి తెచ్చిన క్షణానే అది మా ఆయనదైపోయింది. "నాజూకు సామాను, నువ్వు చెయ్యి పెట్టకు" అన్నాడు. ఆ మొదటి ఆదివారమే అన్నదమ్ములు కొండ దాటి వంతెన దాకా వెళ్ళారు. నేను చాయ్ గ్లాసులు ఇస్తూ, తీస్తూ, ఓరగా చూశాను. వంతెన దగ్గర కుందేలు ఎగరడం మానేసింది. తిన్నాక ఆయన పెట్టె విప్పి చూసి, లోపల అంతా బాగానే ఉందనీ, నా చెయ్యి పడే ఇట్లా అయిందనీ తేల్చేశాడు.

ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే దుకాణం మూసుకుని వచ్చి కాళ్ళు ఒత్తుతాడు. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది. కొట్టే మొగుడి మీద కోపం తెచ్చుకోవడం సులువు. ప్రేమగా చూసుకునేవాడు నీకేమీ తెలియదనుకుంటే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలి?

శుక్రవారం కంపెనీకి సెలవు. ఆయన దుకాణానికి వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి టీవీ ముందు కూర్చున్నాను. దొంగతనం చేస్తున్నట్టు టీవీ చప్పుడు తగ్గించాను. మా అత్త అంజవ్వ గోడకు ఆనుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఒకసారి చూసి, మళ్ళీ ఆకు అందుకుంది. కొండ దాటాను. ముళ్ళకంచె దాటాను. "గంతగనం ఉరుకుతున్నది, దూప గాదా దానికి? జర నీళ్ళు తాగనియ్యి" అంది అత్త. వంతెన దగ్గర మీట ఎంత నొక్కినా కుందేలు ఎగరలేదు, నీళ్ళలో పడింది. పెట్టె కింద చెయ్యి పెడితే కాలింది. ఆపి చల్లారనిచ్చాను. మళ్ళీ ఆడితే బాగానే ఎగిరింది, కాసేపటికి మళ్ళీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు అత్త చేతిలోని ఆకు దించి చెప్పింది.

"సుమిత్రా, గిది నీ తప్పు గాదు బిడ్డా. నేను ఇరవై బీడీలు సుట్టంగనే పడ్తున్నది. మూడుసార్లు లెక్కపెట్టిన."

పదేళ్ళు నేనూ ఆమె పక్కన కూర్చుని చుట్టాను. బీడీ కంపెనీవాళ్ళు కార్మికులకిచ్చే కార్డు నాకు లేదు. నా బీడీలన్నీ ఆమె కార్డు మీదే పోయేవి. కాగితాల ప్రకారం నేను జన్మలో ఒక్క బీడీ చుట్టలేదు. ఆ సంగతి ఆమెకూ గుర్తొచ్చిందేమో, "పోయి సాబుకు చెప్పు. నీ నోటితోనే చెప్పు" అంది.

సోమవారం అయిదు వందల పెట్టెలు హైదరాబాదుకు బయలుదేరాలి. మొదటి పెద్ద లోడు. సరుకు చెడ్డదని తేలితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే మేమంతా మళ్ళీ చాట ముందుకే. అయినా శనివారం నోరు తెరవడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. నా పెట్టె వేడెక్కితే ఆగిపోతోందనీ, మిగతావీ చూడాలనీ సాబ్ ముందు చెప్పాను.

"మూడు నిమిషాలకే ఆపుతవు గద, నీకెట్ల ఎరుక?" అన్నాడు సూపర్‌వైజర్ లింగం. టీవీ మెకానిక్ అయిన మా ఆయనే కనిపెట్టాడనే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అంటే వెంటనే నమ్మేవారు. అట్లా ఎన్ని మాటలు ఆయన పేరుమీద ఇచ్చేశానో.

"నేనే ఆడిన. ఇంట్ల కూసోని ఆడిన."

"ఎంత సేపు?"

"ఇరవై బీడీల సేపు."

మగవాళ్ళంతా నవ్వారు. టంకం వేసే బల్ల దగ్గరున్న సకీనా నవ్వలేదు. "పది నిమిషాలకు ఎక్కువ, పావుగంటకు తక్కువ. మాకందరికి తెలుసు" అంది. మొయినుద్దీన్ సాబ్ పది పెట్టెలు తెప్పించి, గడియారం చూస్తూ మా చేత ఆడించాడు. పన్నెండో నిమిషం నుంచి ఒక్కొక్కటే ఆగిపోయాయి. పదింటిలో ఏడు. సకీనా ఒకదాన్ని వేడి మీదే విప్పి చూపింది: వేడికి లోపల ఒకచోట టంకం విడుస్తోంది, చల్లారితే అతుక్కుంటోంది.

సాబ్ లోడు ఆపించాడు. "ఇగనుంచి ప్రతి లాట్ల ఒక పెట్టె ఆఖరిదాక ఆడు సుమిత్రా. పెట్టెల పెట్టే చీటీ మీద నీ పేరే రాయ్" అన్నాడు. అంతకుముందు ఆ చీటీలన్నిటి మీదా లింగమే సంతకం చేసేవాడు. సోమవారం నుంచి వాడే చీటీల మీద 'పరీక్షించినవారు' అన్నచోట అప్పుడే నా పేరు రాసుకున్నాను. వరుసగా నాలుగు చీటీలు రాశాక కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

ఆదివారం ఆయనకు చెప్పాను. "ఆనాడు ముట్టలే. తర్వాత ముట్టిన. టంకం ఇడుస్తున్నది, సల్లగున్నప్పుడు కండ్లకు కానరాదు." ఆయన పెట్టె విప్పి, నేను వేలు పెట్టిన చోట టంకం వేశాడు. "నాకు దొరకలే" అన్నాడు మెల్లగా. అంతకు మించి క్షమాపణ ఆయనకు చేతకాదు. నాకు మాత్రం అది చాలలేదు.

పెట్టె తగిలించి "తే, సూస్త" అని చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. టీవీ ముందు కూర్చుని మీట నొక్కాను.

"మరి రొట్టెలు?" అన్నాడు.

"నేను వంతెన దాటాలె."

"ఎంత సేపు పడ్తది?"

నేను అత్త వైపు చూశాను. ఆమె తడి ఆకు తీసుకుని తీరిగ్గా కత్తిరించింది. "ఎంతన్న పట్టనీ తుకారాం. నేనైతే గీ చాట ఖాళీ అయ్యేదాక లేవ" అంది.

కుందేలు కొండ ఎక్కుతుండగా వెనకనుంచి పిండి డబ్బా ఎక్కడుందని ఆయన అడిగాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి. చెప్పాను, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.