నీలం ఫియట్ మీద మైదాముద్ద

రాజమండ్రిలో చంద్రరావు పెయింటింగు షెడ్డుకి వెళ్ళిన కారు పాత రంగుతో తిరిగొచ్చిందని ఎవరూ విని ఉండరు. చిన్న గీత పడిందని తెచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి, టీ తాగించి, కారు మొత్తం గీకించి కొత్త రంగు వేయించుకునేదాకా వదిలేవాడు కాదు. దురాశ అనుకునేరు, కాదు. పాత రంగు చూస్తే అతనికి ఒంటికి పడేది కాదు, అంతే. గీకాలి, వెయ్యాలి, మెరిపించాలి. అతనికి తెలిసిన విద్య అదొక్కటే.

అలాంటివాడి షెడ్డుకి తొంభై ఎనిమిదిలో ఓ బుధవారం పొద్దెక్కాక డాక్టరు జ్ఞానప్రకాశంగారి ఫియట్ వచ్చింది. డాక్టరుగారు పోయి ఏడాది దాటింది. ఉన్నన్నాళ్ళూ ఆ ముదురు నీలం కారుని ఆయనే కడుక్కునేవారు, ఆయనే తుడుచుకునేవారు, పల్లెల్లో రోగుల్ని చూడటానికి ఆయనే నడుపుకుంటూ వెళ్ళేవారు. ఆయన పోయాక అది ఇంటి వెనక మామిడిచెట్టు కింద నిలబడిపోయింది. పక్కనే రైసుమిల్లు. ఏడాదంతా గొట్టంలోంచి రాలిన ఊకబూడిద, దాని మీద మంచు, మామిడి జిగురు, మళ్ళీ బూడిద. అది నీలం కారని ఎవరైనా చెబితే నమ్మాలి తప్ప కంటికి కనబడదు. ఎంత కడిగినా లాభం లేకపోయింది. చేత్తో నిమిరితే అరచెయ్యి గీరుకుపోతోంది.

శనివారం వాళ్ళమ్మాయి పెళ్ళి. నాన్న కారులోనే చర్చికి వెళతానని ఆ పిల్ల పట్టు. అందుకని డాక్టరుగారి భార్య రెబెక్కా టీచరుగారు స్వయంగా కారు వెంట వచ్చారు.

"ఇంకే దారీ లేదా బాబూ?" అని అడిగారు.

"లేదండి. బూడిదంతా రంగులోకి దిగిపోయిందండి. మొత్తం గీకేసి కొత్త నీలం వేసేస్తానండి. పాతదానికంటే బాగుంటదండి."

"బాగుంటుందయ్యా, కాదనను. కానీ అది నువ్వేసిన రంగవుతుంది. ఆయన ఇరవయ్యారేళ్ళు తుడుచుకున్న రంగు కాదు గదా."

చంద్రరావుకి ఆ మాట ఎక్కలేదు. రంగు ఎవరు తుడిస్తే ఏంటి? టీచరుగారు కారుకి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. గీకడం మొదలయ్యేలోపు ఆ రంగుని చివరిసారి చూసుకుందామని ఆగారని ఆ మహానుభావుడికి తట్టలేదు. బకెట్లో నీళ్ళు పోసి, గీకడానికి గరుకు వాటర్ పేపర్లు నానేశాడు.

సరిగ్గా అప్పుడే అతని తల్లి మాణిక్యాంబ భోజనం క్యారేజీ పట్టుకుని వచ్చింది. ఆవిడది ఆత్రేయపురం. మనవరాలిని చూసిపోదామని రెండు రోజులకి వచ్చింది. నలభై ఏళ్ళుగా పూతరేకులు తీస్తున్న మనిషి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద లాగి, చిటికెలో రేకు లేపుతుంది. ఆ వేడికి వేళ్ళ కొసలు కాయలు కాచి తెల్లబడిపోయాయి. "మా అమ్మ వేళ్ళకి స్పర్శ లేదండి" అని చంద్రరావు అందరికీ చెప్పేవాడు, కొంత జాలిగా, కొంత నామోషీగా.

ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. క్యారేజీకి చుట్టిన పల్చటి పాలిథిన్ కవరు విప్పి, చేతికి తొడుక్కుని, బానెట్ మీద మెల్లగా జరిపింది.

"అదేంటమ్మా, కవరెందుకు?"

"ఉత్త చేతికి తెలియని గరుకు కవరు తొడిగితే తెలుస్తదిరా. కుండ మీద ఇసక రేణువంత ఉన్నా రేకు చిరిగిపోద్ది. మంట పెట్టే ముందు రోజూ ఇలాగే గదా చూసుకునేది." ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఇది లోపలికి దిగలేదురా. పైన అంటుకుని కూర్చుంది, అంతే."

"ఇరవయ్యేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నానమ్మా నేను!"

"గీకే పని చేస్తున్నావు" అంది మాణిక్యాంబ. "కేజీ మైదా, కాసిని కుంకుడుకాయలు తెప్పించు."

చంద్రరావు విసుక్కుందామనుకున్నాడు గానీ, టీచరుగారు అప్పటికే స్టూలు ముందుకి జరుపుకున్నారు. దాంతో కొట్టుకి తనే వెళ్ళొచ్చాడు.

మాణిక్యాంబ మైదా గట్టిగా కలిపి, నీళ్ళలో పిసికి పిసికి, తెల్లటి గంజంతా పోయేదాకా కడిగింది. చివరికి లాగితే సాగే బంకముద్ద మిగిలింది. బానెట్ మీద కుంకుడురసం జారుడుగా పోసి, బరువు వెయ్యకుండా ముద్దని అటూ ఇటూ జరిపింది. మొదట గరగరమని చప్పుడు. రాను రాను తగ్గింది. చివరికి చప్పుడే లేదు. ముద్ద తిప్పి చూపిస్తే దాని నిండా బూడిద నలుసులు. ఆ వైపుని లోపలికి మడిచి, శుభ్రమైన వైపు పైకి తీసింది.

"కొబ్బరాకు మంట పెడితే బూడిద ఎగిరి కుండ మీద వాలుద్ది. గుడ్డెట్టి రుద్దితే గీతలు పడిపోతాయి. రుద్దకూడదురా, ఎత్తాలి."

నీళ్ళు పోసి మెత్తటి గుడ్డతో అద్దింది. జానెడు మేర నీలం బయటపడింది. చంద్రరావు వంగి చూశాడు. అందులో షెడ్డు కప్పు కనబడింది, కప్పుకి వేలాడే బల్బు కనబడింది, నోరు తెరుచుకున్న తన మొహం కనబడింది. తన డబ్బాల్లోంచి ఇలాంటి నీలం ఒక్కరోజూ రాలేదు.

మిగతా మైదా తనే పిసికాడు. మామిడి జిగురు పట్టిన చోట తల్లి చెప్పినట్టే కొబ్బరినూనె రాసి నానబెట్టాడు. టీచరుగారు కొంగు దోపుకుని నీళ్ళు పోశారు. క్యారేజీ విప్పడం ముగ్గురూ మరిచిపోయారు.

నాలుగింటికి మాణిక్యాంబ మళ్ళీ కవరు తొడుక్కుని కారంతా తడుముతూ వచ్చింది. డ్రైవరు వైపు తలుపు మీద, అద్దం దిగే చోట చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చింది.

"ఇక్కడ దిగి ఉందిరా."

చంద్రరావు చూశాడు, ఏమీ లేదు. వేలితో నిమిరాడు, ఏమీ తెలియలేదు. తల్లి కవరు తీసి ఇచ్చింది. తొడుక్కుని, ఊపిరి బిగబట్టి నిమిరాడు. నిజమే. బెత్తెడు మేర రంగు అరిగి, ఉందా లేదా అన్నంత పల్లం.

"ఎవరో ఏళ్ళ తరబడి ఇక్కడ చెయ్యి ఆనించారు" అంది మాణిక్యాంబ. "నేను రేకులు తీసే పీట అంచు కూడా ఇలాగే అరిగిపోయింది."

టీచరుగారి చేతిలో చెంబు కిందికి దిగింది.

"మోచెయ్యి. ఆయన మోచెయ్యండీ" అన్నారు. "ఎండకి నల్లబడిపోతుంది, లోపల పెట్టుకోండి అని ఇరవయ్యారేళ్ళు చెప్పాను. ఒక్కరోజు వినలేదు."

ఆవిడ అరచెయ్యి అక్కడ ఆనించి చాలాసేపు తియ్యలేదు.

చంద్రరావు బకెట్ వైపు చూశాడు. వాటర్ పేపర్లు ఇంకా నానుతూనే ఉన్నాయి. ఈ తలుపుకి అతను తీసుకునే టైము ఐదు నిమిషాలు. ఇరవయ్యేళ్ళలో ఇలాంటి తలుపులు ఎన్ని గీకేశాడో, ఎవరెవరి చేతి గుర్తులు కడిగి పారబోశాడో లెక్కే లేదు. తల్లి చెయ్యి పట్టుకుని ఆ తెల్లబడిన వేళ్ళ కొసల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఏంట్రా, అన్నం తినవా?" అంది ఆవిడ, చెయ్యి లాక్కుంటూ.

సాయంత్రం టీచరుగారిని ఎక్కించుకుని కారు తనే నడిపాడు. ఉక్కగా ఉంది, అద్దం దించాడు. కోటగుమ్మం సెంటర్లో బండ్లు ఆగాయి. అలవాటు కొద్దీ అతని మోచెయ్యి తలుపు మీదికి వెళ్ళబోయింది. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి స్టీరింగ్ వదల్లేదు.